చాప కింద పంటినొప్పి

ఇరవై రెండేళ్ళు బస్సు నడిపినా పెనియామినా ఒక్క కోడిని కూడా తొక్కించలేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ చెప్పేవాడు. సవాయీ దీవిలో అతని బస్సు వస్తుంటే ముందు పాట వినిపించేది, తరవాత బస్సు కనిపించేది.

అలాంటివాడికి దవడ పన్ను పుచ్చింది. ఊళ్ళో అయితే పీకేస్తామన్నారు. పది నిమిషాల పని. పన్ను దక్కించుకోవాలన్న ఆశతో అతను ఓడెక్కి ఆపియా పట్నం వెళ్ళి రూట్ కెనాల్ చేయించుకున్నాడు. ఆ పూటకి బస్సు కొడుకు తవీతా చేతికిచ్చాడు. వాడికి కారు లైసెన్సు ఉంది గాని బస్సుకి లేదు. ఆ సాయంత్రమే పక్క ఊళ్ళో యాకోపో అనే అతని కూతురు లూసియాని గుద్దేశాడు. తొమ్మిదేళ్ళ పిల్లకి కాలు విరిగింది.

పెనియామినాకి కడుపులో పుండు ఉంది కనక డాక్టరమ్మ గట్టి మాత్రలు ఇవ్వలేదు. చెంప మీద అంటించుకోవడానికి తిమ్మిరిమందు పట్టీలు ఇచ్చింది. వాటితో నొప్పి పూర్తిగా పోదు, ఓర్చుకునేటంతకి దిగుతుంది.

మూడోరోజు తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ క్షమాపణకి బయల్దేరారు. ఆ దీవి ఆచారం ప్రకారం ఇంటిపెద్ద మేలురకం చాప ఒకటి కప్పుకుని అవతలివాళ్ళ వాకిట్లో తల వంచుకు కూర్చోవాలి. వాళ్ళొచ్చి చాప తీస్తే మన్నించినట్టు. తీయకపోతే రెండు ఊళ్ళకీ పగే, తవీతా ప్రాణానికి ఎవరూ పూచీ పడరు.

గుమ్మంలో పెనియామినా చెంప మీది పట్టీ పీకేశాడు.

"ఏమయ్యా, మతిపోయిందా?" అంది భార్య సెఫినా.

"తప్పయిందని చెప్పుకోడానికి పోతా చెంపకి మందేసుకుని కూచుంటానా? చూసినోళ్ళు నవ్వరూ?"

"నొప్పికి అక్కడ గోల పెడితే నవ్వరా మరి!"

"నోరు మూసుకునే కూచుంటాలే."

యాకోపో వాకిట్లో చాప కప్పుకుని నోరైతే మూసుకునే కూచున్నాడు. ఎండ ఎక్కింది. ఇంట్లో కోకో కాచుకుంటున్న వాసన వచ్చింది గాని ఎవరూ బయటికి రాలేదు. చాప కింద ఉక్క, దవడలో పోటు. కొడుకు కోసం దేవుణ్ణి వేడుకుందామనుకున్నాడు గాని పన్ను తప్ప మరొకటి తలపుకి రాలేదు. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారాయి. అందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

పొద్దు బాగా ఎక్కాక యాకోపో వచ్చి చాప ఎత్తాడు. తడిసిన ముఖం చూసి అతని గొంతు మెత్తబడింది.

"ఊరుకో పెద్దాయనా. పిల్ల బతికే ఉందిగా. లే."

వెనక బంధువులు హమ్మయ్య అనుకున్నారు. అక్కడితో లేచి ఉంటే సరిపోయేది.

"నేనేడ్చింది నీ కూతురి కోసం కాదు యాకోపో," అన్నాడు పెనియామినా. "పన్ను సలుపుతోంది. ఈ పన్ను నిలబెట్టుకోడానికే పట్నం పోయా. బస్సు నడపడం రాదని తెలిసీ మావాడికిచ్చా. తప్పు నాది."

యాకోపో చేతిలో చాప అలాగే ఉండిపోయింది. మళ్ళీ కప్పేస్తాడేమోనని సెఫినా కళ్ళు మూసుకుంది.

"మా పిల్లా నొప్పికే ఏడుస్తోంది, మూడు రోజులుగా," అని యాకోపో చాప మడిచి చంకలో పెట్టుకున్నాడు. "మేం మన్నించాంలే. లోపలికి రా. ఇప్పుడు నాతో అన్న మాట దాని మొహం చూసి దానితో అను."

పొద్దుటినుంచి చాప కింద రాయిలా కూర్చున్న మనిషి, కప్పుకోడానికి ఏమీ లేకుండానే ఆ గడప దాటాడు.