గిలకమ్మ పట్టిన తాడు

ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్లు ఊళ్లో ఎవరూ మిగల్లేదు. అందరికీ గిలకమ్మే. మొగుడు బావుల్లోకి దిగి పూడిక తీసేవాడు. పైకొచ్చిన బురదను మరిది మోసి దూరంగా పారబోసేవాడు. గిలక దగ్గర తాడు మాత్రం ఆమెది. కొత్తలో అత్తగారు సణిగింది, ఆడదాని చేతిలో ప్రాణం పెడతావా అని కొడుకు మీద.

"మగాళ్లు బీడీ వెలిగించుకోవడానికి తాడు వదిలేస్తారమ్మా. ఇది తుమ్మొచ్చినా వదలదు" అన్నాడు మొగుడు.

అరచేతులు కాయలు కాసి చెక్కలా అయ్యాయి. తాడు ఒకసారి కదిలితే బకెట్ నిండినట్టు, రెండుసార్లు కదిలితే మనిషిని పైకి లాగాలి. ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మాటలు సగం తాడు మీదే నడిచేవి.

భూకంపం పట్టపగలు వచ్చింది. ఊరి పక్క కొండ ఒక వైపు పూర్తిగా జారిపోయింది. కూలిన ఇళ్ల దుమ్ము, కొండ దుమ్ము కలిసి ఊరి మీద గొడుగు పట్టినట్టు నిలిచిపోయాయి. గాలి ఆడక ఆ దుమ్ము ఎటూ కదల్లేదు. సూర్యుడి వైపు తేరిపార చూసినా కళ్లు చెదరలేదు. ఆకులన్నీ సిమెంటు పూసినట్టు బూడిదరంగుకు తిరిగాయి. ఏ ఇంటి ముందు నిలబడినా దగ్గు వినబడేది. కొండ మీంచి వచ్చే వాగు మట్టికింద ఎక్కడో దారి తప్పింది. కొన్ని బావులు ఎండిపోయాయి, కొన్నిట్లో నీళ్లు సున్నం కలిపినట్టు తెల్లబడి కుళ్లిన గుడ్ల కంపు కొట్టాయి.

ఊళ్లో బేకరీ నడిపే ఆయన గిలకమ్మ గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. "అన్నా, ట్యాంకర్లు రావడానికి దారి లేదు. పసిపిల్లలు నాలుక పిడచకట్టుకుపోయి ఉన్నారు. మా వెనక బావిలో అడుగున కాస్త తడి ఉంది. పూడిక తీస్తే నీళ్లు ఊరతాయేమో చూడవా?"

"భూమి ఇంకా కుదుటపడలేదు, కొన్నాళ్లు ఆగు" అంది ఆమె మొగుడితో.

"దాహం ఆగమంటే ఆగుతుందా?" అని మొగుడు పలుగు భుజాన వేసుకున్నాడు.

ఎప్పటిలాగే ముందు లాంతరు దింపారు. అడుగుదాకా నిలకడగా వెలిగింది. ఆయన దిగాడు, నడుముకున్న తాడు విప్పి బకెట్‌కు కట్టాడు. బురద పైకి రావడం మొదలైంది. బేకరీ ఆయన భార్య టీ గ్లాసులు తెచ్చి గట్టు మీద పెట్టింది.

ఆ గ్లాసులు గలగలమన్నాయి. కాళ్లకింద నేల ఒక్కసారి వణికి ఊరుకుంది. బావిలోంచి ఎవరో నిట్టూర్చినట్టు శబ్దం వచ్చింది.

"ఏమయ్యో, పైకి వచ్చెయ్!" అని అరిచింది.

"ఏం లే, ఇక్కడ..." అని ఆయన గొంతు వినిపించి అంతలోనే తెగిపోయింది.

తాడు లాగింది. ఖాళీ బకెట్ తేలిగ్గా పైకొచ్చింది. మరిది లాంతరు దింపాడు. సగం దూరం వెళ్లగానే దీపం ఆరిపోయింది. నేలలోంచి విషగాలి వచ్చి బావిలో నిండుతోందని పైనున్న వాళ్లందరికీ అర్థమైంది. అయినా మరిది గట్టు మీద కాలేశాడు.

గిలకమ్మ తాడు వదిలేసి అతని నడుము పట్టుకుంది.

"వదులు వదినా! అన్న లోపలున్నాడు!"

"దీపం ఆరిపోయింది, కనబడలా? దిగితే నువ్వూ రావు!"

అతను మోచేత్తో ఆమె పక్కటెముకల మీద కొట్టాడు, చేతిని కొరికాడు. ఆమె వదల్లేదు. కింద పడేసి మీద కూర్చుంది. "తాడు తెండి!" అని బేకరీ ఆయన మీద కేకలేసి, మరిదిని గిలక స్తంభానికి కట్టేసింది.

మాస్కులు పెట్టుకున్న సహాయకులు పొద్దు వాలేటప్పుడు ఆయన్ను పైకి తెచ్చారు. ఒంటి మీద ఒక్క గాటు లేదు, ఊపిరీ లేదు.

ఊరి నోటికి మూత ఉండదు కదా. "మొగుడు లోపల పోతుంటే పెళ్లాం మరిదిని కట్టేస్తూ కూర్చుంది" అన్నారు. అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది. మరిది ఇల్లు వదిలి వెళ్లిపోయి ట్యాంకర్ మీద పనికి కుదిరాడు. వదిన ఎదురొస్తే పక్క వీధిలోకి తిరిగేవాడు.

వానలు పడ్డాక ఆకాశం కడిగినట్టు తేటపడింది. బావుల్లోకి మళ్లీ నీళ్లొచ్చాయి. పాత రోజులొచ్చాయనుకుని అవతలి పేటలో ఒక తండ్రి జారిపడిన బకెట్ కోసం బావిలోకి దిగాడు. ఆయన పలక్కపోయేసరికి పెద్ద కొడుకు దిగాడు. వాడి కోసం రెండోవాడు దిగాడు. ముగ్గురూ తిరిగి రాలేదు.

మర్నాడు మరిది వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గడప దాటకుండానే అన్నాడు: "ఆ ముగ్గురినీ పక్కపక్కన పడుకోబెట్టారు వదినా."

"తెలుసు. లోపలికి రా, అమ్మ నీకోసం కళ్లు కాయలు కాచేలా చూస్తోంది" అందామె.

అతను లోపలికి వెళ్లి తల్లి కాళ్ల దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ తరువాత వదినా మరిదీ కలిసి పేటపేటా తిరిగి బావుల నోళ్లు బండలతో మూయించారు. ఎవరైనా తటపటాయిస్తే ఆమె వాదించేది కాదు, బండకు ఒక చివర తానే చెయ్యి వేసేది.

ఆ గాలి రెండు మూడు ఊపిర్లలోనే మనిషిని పడేస్తుందని డాక్టర్ చెప్పాడు. ఆమె తలూపింది గానీ మనసు ఒప్పుకోలేదు. తను మరిదిని కట్టేస్తున్నప్పుడు ఆయన మళ్లీ పిలిచాడేమో, ఆ అరుపుల్లో తనకు వినబడలేదేమో. ఆ మాట మరిదిని ఒక్కసారి అడగాలనుకునేది. అతని మొహం చూసి ఊరుకునేది.