గట్టు మీద కాయని కరిస్సా

ఉద్యోగం ఎందుకు వదిలేశానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కాంట్రాక్టు గడువు ముగిసిందని మాత్రమే చెప్పాను. అది నిజమే. గడువు పొడిగిస్తామని సార్ అన్న సంగతి ఇంట్లో చెప్పలేదు, డైరీలోనూ రాయలేదు.

మూడేళ్ల కిందట ఫిబ్రవరిలో, బళ్లారిలోని ఒక కాలేజీ హెర్బేరియంలో ఫీల్డ్ అసిస్టెంటుగా చేరాను. హెర్బేరియం అంటే ఎండబెట్టిన మొక్కలను అట్టల మీద అతికించి, పేరు, ఊరు, తేదీ రాసి భద్రపరిచే గది. సార్ దానికి అధికారి, ఆయన కింద నేనొక్కదాన్నే. సత్యనారాయణపేట నుంచి నడిచి వెళ్లేదాన్ని. పాత దినపత్రికల మధ్య ఆరిన ఆకుల వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి.

ఆ వేసవిలో నాకు అప్పగించిన పని కరిస్సా అనే ప్రజాతి మొక్కలను సేకరించి గుర్తించడం. మా గుట్టల మీద పిల్లలు కోసుకు తినే కలివి, కోస్తావాళ్లు పప్పులో వేసుకునే వాక్కాయ దీనిలోవే. ఎదురెదురు ఆకులు, తుంచితే కారే పాలు, మల్లెలాంటి అయిదు రేకుల తెల్లటి పువ్వు అన్నిటికీ ఉంటాయి. సముద్రపు ఒడ్డున కంచెగా పెంచే పెద్ద రకం ఒకటుంది. దాని ముళ్లు కొసన చీలి ఉంటాయి, పండు ఎర్రగా నిమ్మకాయంత ఉంటుంది. పండు లేనప్పుడు మొగ్గ చూడాలి. రేకులు ఒకదాన్నొకటి కుడికి కప్పుకుంటే కలివి, వాక్కాయ. ఎడమకు కప్పుకుంటే ఒడ్డు రకం.

కురుగోడు దగ్గర కాలువ కింద, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపు ఉంది. అక్కడ వెంకాయమ్మగారనే పెద్దావిడ పొలం గట్టు మీద ఒక పొద పూసిందని తెలిసి బస్సెక్కాను. పెళ్లై వచ్చినప్పుడు, సముద్రం పక్కనున్న పుట్టింటి కంచె నుంచి కొమ్మ తెచ్చి నాటారట. ఏటా పూస్తుంది, ఒక్క కాయా పట్టలేదు. ఆ కొమ్మ ఎప్పుడో చచ్చిందని, ఇది పిట్టలు వేసిన కలివి అని కొడుకు సాంబయ్య వాదన.

“కాయని చెట్టుకి నువ్వు కాపలా, దాని ముళ్లకి నా ట్రాక్టరు టైర్లు బలి. ఈ మేడమ్‌నే చెప్పనీ. కలివైతే రేపే పీకేస్తా. కాదంటే చెయ్యి కూడా పెట్టను, సరేనా?” అన్నాడతను.

“ఇది మా అమ్మ చెట్టేనమ్మా. చూసి చెప్పు,” అంటూ వెంకాయమ్మగారు కొమ్మ వంచి నా చేతికిచ్చారు.

ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు. విచ్చిన పువ్వు మీద భూతద్దం పెట్టాను. కుడి. పువ్వు పెద్దదే కానీ కాలువ నీళ్ల బలమనుకున్నాను. ముల్లు చీలి ఉంది. కలివికీ అక్కడక్కడా చీలుతుందిలే అనుకున్నాను.

“కలివే,” అన్నాను.

“కలివైతే మరి కాయదేం?” అని ఆవిడ అడిగారు.

తెలియదనడానికి సిగ్గేసి నోటుబుక్కులో తల దూర్చి, నమూనాకు ఒక కొమ్మ కోసుకుని వచ్చేశాను.

వానలు మొదలయ్యాక, ఆ నమూనాను అట్టకు అతికించే ముందు మొగ్గను వేడినీళ్లలో నానబెట్టి చూస్తున్నాను. సార్ వెనకే నిలబడ్డారు. “యాన్నుంచి చూస్తాండావమ్మా? మొగ్గను నిలబెట్టి బయట్నుంచి చూడాల. పువ్వు మొగంలోకి చూస్తే కుడెడమలు తిరగబడతాయి, అద్దంలో చూసినట్ల,” అన్నారు.

బయటి నుంచి చూశాను. ఎడమ.

హెర్బేరియంలో తప్పు చీటీని పీకరు. దాని కిందే సరైన పేరు, తేదీ, సంతకంతో కొత్త చీటీ అతికిస్తారు. అతికించాను. “ఇట్ల దిద్దుకునేవాళ్లే ఈ పనికి కావాల్సింది,” అని సార్ మెచ్చుకున్నారు. గట్టు మీది పొద సంగతి ఆయనకు తెలియదు.

ఆ ఆదివారమే క్యాంపుకు వెళ్లాను. గట్టు చదునుగా ఉంది. వెంకాయమ్మగారు వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు. పొరపాటు నాదని, అది వాళ్లమ్మగారి చెట్టేనని చెప్పాను. ఆవిడ చేతులు ఆగలేదు. మళ్లీ ఆ పాత ప్రశ్నే అడిగారు, మరి ఎందుకు కాయలేదని. ఈసారి చదువుకుని వెళ్లాను. దాని పుప్పొడి దానికే పనికిరాదని, అదే జాతి చెట్టు మరొకటి దగ్గరుండాలని, ఒక్కటే ఉంటే ఎన్నేళ్లయినా పూస్తుంది తప్ప కాయదని చెప్పాను.

ఇప్పుడు బళ్లారిలోనే, బ్రూస్‌పేటలో ఒక పుస్తకాల కొట్టులో పనిచేస్తున్నాను. కొత్త కట్టలు విప్పినప్పుడు కాగితం వాసన వస్తుంది, ఆకుల వాసన రాదు. ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఒకటే. చెట్టు ముందు నిలబడి తెలియదని చెప్పడం కూడా పనిలో భాగం, పేరు చెప్పడం కన్నా ముందు నేర్చుకోవలసింది.

ఆ ఆదివారం బస్సు వేళైందని లేచాను. వెంకాయమ్మగారు చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి గేటు దాకా వచ్చారు.

“ఈ మాట అప్పుడే ఎవరైనా చెప్పుంటే, ఆ కంచెలోనే పక్క చెట్టుది కూడా ఒక కొమ్మ తెచ్చుకునేదాన్ని కదే తల్లీ.”