మెర్క్యురీ ఎడమ పాదం

ఫ్లారెన్సులో గంటలు పోతపోసే ఇంట పుట్టాను. గంట ఎక్కడికీ పరిగెత్తదు. అదే నాకు నచ్చలేదు. ముప్ఫై ఏళ్ళూ, బొజ్జా వచ్చాక, పరిగెత్తే దేవుళ్ళని పోస్తానంటూ తాద్దెయో గురువుగారి పోతశాలలో చేరాను. మొనగాణ్ణి కదా!

ఏడేళ్ళకి ఒక బొమ్మ పూర్తిగా నా చేతికిచ్చారు. ఎడమ కాలు వెనక్కి లేపి ఎగిరిపోతున్న మెర్క్యురీ, దేవతల కబుర్లు మోసే దేవుడు.

"ఒరే నూతో, ఈ పోత నిండుగా దిగితే ఇక్కడే ఉంటావు. లేదంటే మీ నాన్న దగ్గరికి పోయి గంటలు పోసుకో" అని గురువుగారు రోముకి వెళ్ళారు.

మైనపు బొమ్మకి గాలి పోయే గొట్టాలు అమర్చి, మట్టి పట్టించి, మైనం కరిగించి బయటికి తీసి, ఆ ఖాళీలో కంచు పోశాను. గొట్టాలన్నీ నడినెత్తినే పెట్టాను. గంటకి అంతే కదా! పైకి లేచిన పాదంలోనూ గాలి చిక్కుకుని కంచుని రానివ్వదని ఈ మట్టిబుర్రకి తట్టలేదు.

మట్టి పగలగొడితే దేవుడికి ఎడమ పాదం లేదు. సిగ్గు విడిచి నాన్నని పిలుచుకొచ్చాను.

"ఇదేంట్రా, గంటకి పెట్టినట్టు పెట్టావు? నిన్ను తిట్టాలో, నేర్పిన నన్ను తిట్టుకోవాలో తెలీట్లేదు. సరే, చెప్పులు విప్పి పరిగెత్తు."

"నాన్నా, జనం చూస్తున్నారు!"

"చూడనీరా. కాలు వెనక్కెలా లేస్తుందో నాకు తెలియాలిగా."

పెరట్లో రొప్పుతూ పరిగెత్తాను. గోడవతల బట్టలుతికే ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. "ఏంటయ్యా, అప్పులవాళ్ళు తరుముతున్నారా?" అంది ఒకావిడ. నాన్న నవ్వలేదు. నా పాదాలే చూస్తూ మైనం పిసికాడు. కొత్త పాదం పోసిందీ, అతుకు కనబడకుండా అరగదీసిందీ ఆయనే. నేను కొలిమి ఊదాను.

వారానికి గురువుగారు, బొమ్మ చేయించుకున్న ఉన్ని వర్తకుణ్ణి వెంటబెట్టుకొచ్చారు. వర్తకుడు బొమ్మ చుట్టూ తిరిగి, ఆ పాదం దగ్గర ఆగిపోయాడు.

"తక్కినదంతా నిలబడే ఉంది. ఈ పాదమొక్కటే పరిగెడుతోంది. ఎవరు చేశారయ్యా?"

"నేనేనండీ" అన్నాను. నోరు జారి కాదు, తెలిసే అన్నాను.

నాన్న తలుపు దగ్గరే ఉన్నాడు. గోళ్ళలో ఇంకా కంచు పొడి. గురువుగారు ఆయన వైపు తిరిగి చూశారు.

నాన్న టోపీ తీసి, "అవునండీ, మావాడే" అన్నాడు.

నా పని నిలిచింది. ఇప్పుడు ఊళ్ళో నన్నూ గురువుగారనే పిలుస్తారు, నేనూ సిగ్గులేకుండా పలుకుతాను. నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ పాదం ఆయనదని నేను బయటికి చెప్పడం ఇదే మొదలు.