తేనెపెట్టెలకు ఆయుధపూజ

నాకు తేనెటీగంటే భయం. బల్లిని చూసి కెవ్వుమనే రకం భయం కాదు, ప్రాణభయం. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే జరిగిందంతా విన్నాక మా బంధువుల్లో సగం మంది "అంత చిన్న పురుక్కి అంత భయమా?" అని నవ్వారు. వాళ్ళ నోట్లో మన్ను పడ! చిన్నదో పెద్దదో గొంతు మూసుకుపోయినవాళ్ళను అడగాలి.

మేం ఉండేది మారతహళ్ళిలో, ఒక అపార్టుమెంటు నాలుగో అంతస్తులో. ఒక వేసవిలో మేడ మీద నీళ్ళ ట్యాంకు కింద పెద్ద తేనెపట్టు పట్టింది. ఆరేసిన బట్టలు తెద్దామని వెళితే ఒక్కటంటే ఒక్క ఈగ మెడ మీద కుట్టింది. మెట్లు దిగి ఇంట్లోకి వచ్చేసరికి పెదవులు ఉబ్బిపోయాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, గొంతులో గుడ్డ కుక్కినట్టయి ఊపిరి ఆడలేదు. మా ఆయన నన్ను స్కూటరు వెనక కూర్చోబెట్టి, పడిపోకుండా నా కొంగు తన నడుముకు బిగించి కట్టుకుని, ఆ ట్రాఫిక్‌లో ఎట్లా నడిపారో గానీ ఆసుపత్రికి చేర్చారు. సూది వేసి, నేను కళ్ళు తెరిచాక డాక్టరమ్మ చెప్పింది: "ఇంకోసారి కుడితే ఇంత టైము ఉంటుందని నేను మాట ఇవ్వలేను, జాగ్రత్తగా ఉండండి."

అట్లాంటి నా పేరు మీదే, నా చేలోనే, పది పెట్టెల తేనెటీగలు పెట్టారు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే కదా.

దేవనహళ్ళి దాటాక మా నాన్న నాకు పసుపు కుంకుమల కింద రాసిచ్చిన ముప్పై గుంటల చేను ఉంది. బోరు ఎండిపోయింది. రాగి చల్లడానికి కూలీలు దొరకరు. కొన్నేళ్ళుగా బీడుగానే పడి ఉంది. ఆ ఊరు మున్సిపాలిటీలో కలిశాక ఒక కాగితం వచ్చింది. చేను ఖాళీగా ఉంటే ఇళ్ళస్థలం కింద లెక్కగట్టి పన్ను వేస్తారట, సాగులో ఉంటే వెయ్యరట. ఇన్‌స్పెక్టరు వచ్చి కళ్ళారా చూసి రాసుకుంటాడట. ఆ పన్ను ఏటేటా కట్టడం మా వల్ల అయ్యే పని కాదు. చేను అమ్మేయాల్సి వస్తుందేమోనని నేనే ముందు ఏడ్చాను.

ఉపాయం చెప్పింది పక్క చేను పెద్దాయన. మా నాన్న కాలం మనిషి, పంపరపనస తోట ఉంది ఆయనకు.

"అమ్మయ్యా, నీళ్ళొద్దు, కూలోళ్ళొద్దు. పది తేనెపెట్టెలు పెట్టేయండి. నా తోటలో కాయ నిలబడ్తాది, మీ చేను సాగులో ఉండాదని ఆళ్ళు రాసుకుంటారు. తేనెసాకాణె కూడా సేద్యమే గదప్పా" అన్నాడు. తేనెటీగల పెంపకాన్ని అక్కడ కన్నడంలో అట్లాగే అంటారు.

"నన్ను చంపేదానికా?" అన్నాను నేను.

"నువ్వు చేలోకి రావద్దు లేవే. కారు దిగొద్దు. అన్నీ నేను చూసుకుంటా" అన్నారు మా ఆయన.

ఆయన చూసుకున్నారు, నిజమే. ప్రతి ఆదివారం వెళ్ళేవారు. ఆయన తిరిగొస్తే గుమ్మం బయటే నిలబెట్టి చొక్కా విప్పించి దులిపించేదాన్ని. కాలరు మడత, ప్యాంటు జేబులు, చెప్పులు, అన్నీ నేను చీపురు పుల్లతో వెతికాకే లోపలికి రానిచ్చేదాన్ని. ఎదురింటావిడ ఇది చూసి "ఏం ఆంటీ, అంకుల్ చెకింగా?" అని ఆటపట్టించేది. వంటింట్లో కుక్కరు సన్నగా ఈల మొదలుపెట్టినా నా చెయ్యి మెడ మీదికే పోయేది. నిద్రలో కూడా చెవులకు దుప్పటి చుట్టుకుని పడుకున్నాను ఆ నెలలన్నీ.

ఇంతలో దసరా వచ్చింది. బెంగళూరులో ఆయుధపూజ అంటే తెలిసిందే. ఆటో నుంచి లేత్ మిషను దాకా, కత్తెర నుంచి కంప్యూటరు దాకా బొట్టు పడని వస్తువు ఉండదు. పండగ సెలవులు కాగానే ఇన్‌స్పెక్టరు చూడ్డానికి వస్తానని కబురు చేశాడు. మా ఆయనకు అప్పుడు భక్తి ముంచుకొచ్చింది.

"పెట్టెలూ పనిముట్లే గదా. వాటికీ పూజ చెయ్యాల. చేను నీది. నువ్వు రాకుంటే ఎట్లా? దూరంగా కారు దగ్గరే నిలబడి దండం పెట్టుకో, చాలు."

వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు. సరే, పూజ అన్నాక కాదంటే ఏమవుతుందోనని ఇంకో భయం. భయం మీద భయం. అందుకే పూజ సామాన్లు నేనే సర్దాను. మల్లెపూలు, సాంబ్రాణి, టెంకాయ, బూడిదగుమ్మడికాయ. మార్కెట్లో నాలుగు బండ్లు తిరిగి, బాగా మాగి వాసన కొట్టే అరటిపళ్ళు నేనే ఏరి ఏరి కొన్నాను. దేవుడికి పెట్టేది పచ్చిగా ఉండకూడదని మా అమ్మ నేర్పిన బుద్ధి. పెట్టెలకు కట్టడానికి రెండు అరటిపిలకలు కూడా తీసుకున్నాం.

ఆ రోజు పెద్దాయన చేలో లేడు. ట్రాక్టరు పూజకని ఊళ్ళోకి వెళ్ళాడు. ఉండి ఉంటే ఆపేవాడు. మాగిన అరటిపండు వాసన తగిలితే తేనెటీగలు కలబడతాయనీ, తేనె సాకేవాళ్ళు జేబులో పండు పెట్టుకుని కూడా పెట్టెల దగ్గరికి పోరనీ ఆయన తర్వాత చెప్పాడు. చేతులు కాలాక ఆకులు.

నేను కారు పక్కన నిలబడ్డాను. పెట్టెలు యాభై అడుగుల దూరంలో ఉన్నాయేమో. మా ఆయన టవలు తలకు చుట్టుకుని, ఒక్కో పెట్టెకూ పసుపు, కుంకుమ పెట్టి, మూత మీద రెండేసి అరటిపళ్ళు ఉంచి, ఆ పళ్ళలోనే ఊదుబత్తులు గుచ్చారు. మనం గుచ్చేది అట్లాగే కదా. చివర మొదటి పెట్టె ముందున్న రాయి మీద టెంకాయ కొట్టారు.

ముందు నాకు ఏమీ అర్థం కాలేదు. గాలి వచ్చిందనుకున్నాను. ఆ చప్పుడు పెరిగింది. మా ఆయన చేతులు విదిలిస్తూ వెనక్కి నడిచారు, తర్వాత పరుగెత్తారు. ఆయన చుట్టూ నల్లగా, ముసురుకుని, నా వైపే వస్తున్నాయి.

నేను కారులో దూకి తలుపు వేసుకుని లాకు బొత్తాం నొక్కాను. పక్క తలుపులవి కూడా చెయ్యి చాపి నొక్కేశాను. ఒక ఈగ అప్పటికే లోపల ఉంది, ముందు అద్దానికి కొట్టుకుంటోంది. నాతోబాటే వచ్చిందనుకున్నాను. దాన్నే చూస్తూ, కొంగు మెడకు, ముఖానికి చుట్టుకుని, ఒళ్ళు ముడుచుకుని కూర్చున్నాను.

మా ఆయన వచ్చి నా పక్క అద్దం మీద దబదబా బాదారు. ఏదో అరుస్తున్నారు. ఆ రొదలో, నా చెవులకున్న గుడ్డలో ఒక్క ముక్క కూడా వినపడలేదు. చెయ్యి ఊపుతున్నారు. కనురెప్పల మీద, పెదవి మీద, చెవుల్లో ఈగలు. నేను చూశాను. చూసి, బొత్తాం మీద వేలు ఇంకా గట్టిగా అదిమాను.

తలుపు తియ్యలేదు.

ఆయన తలకున్న టవలు లాగి కారు వెనక్కి పోవడం కనిపించింది. ఈయనకు మతి పోయింది, తలకున్న గుడ్డ కూడా తీసేస్తున్నారేమిటని అనుకున్నాను. తర్వాత పక్క తోటలోని పశువుల కొట్టం వైపు పరుగెత్తారు. నేను కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపో తెలియదు. ఎప్పటికో ఊళ్ళోంచి తిరిగొచ్చిన పెద్దాయన గోనెపట్టలు తగలబెట్టి పొగ వేసుకుంటూ వచ్చి అద్దం మీద మెల్లిగా తట్టి, "అమ్మయ్యా, అన్నీ పోయినాయి, దిగు తల్లీ" అన్నాడు. పెద్దాయన తడితే మాత్రం తలుపు తీశాను.

ఇన్‌స్పెక్టరు సంగతి కూడా చెప్పేస్తాను. వచ్చాడు. పెద్దాయన మా ఆయన గతి ముందే చెప్పి ఉంచాడేమో, జీపు దిగనే లేదు. రోడ్డు మీదినుంచే "సాగులో ఉండాది లేండి, బాగా ఉండాది" అంటూ రాసుకుని పోయాడు. పన్ను తప్పింది. చేను ఇప్పటికీ నా పేరు మీదే ఉంది.

నేను చెప్పాలనుకున్నది అది కాదు. పండగ రోజు సాయంత్రం ఆసుపత్రిలో జరిగింది. నర్సు ఆయన ముఖం, మెడ, చేతుల నుంచి ముళ్ళన్నీ ఒక్కొక్కటీ గీరి తీసింది. ముఖం గుర్తుపట్టడానికి లేదు, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పాకే నాకు ధైర్యం వచ్చింది. ధైర్యం రాగానే నాకు వచ్చేది కోపమే.

"బుద్ధి ఉండాదా మీకు? తలకున్న టవలు ఎవరన్నా అట్లా తీసి పారేస్తారా?"

"యాడ పారేస్తి?" అన్నారు ఉబ్బిన పెదవులతో. "వెనక తలుపు అద్దం దిగిండె గదే. అరటిపిలకలు పట్టలేదని నేనే దింపింటి, మర్చిపోయినా. ఎక్కించు ఎక్కించు అని ఎంత అరిచినా నీకు వినపళ్ళే. ఆ సందులో కుక్కేదానికి నా దగ్గర ఇంకేముండాది?"

నా నోరు జారింది.

"అయ్యో, నేను మీరు లోపలికి వస్తానంటా ఉండారనుకుంటి."

అనేశాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. ఆయన తెరుచుకున్న ఆ ఒక్క కంటితో నన్ను చూశారు. లోపలికి రానివ్వమని అడుగుతున్నారనుకుని కూడా నేను తలుపు తియ్యలేదని ఆయనకు తెలిసిపోయింది.

"మంచిదే చేసినావు లే. తీసింటే నాతో అవీ వచ్చుండేవి" అన్నారు.

ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకోబోయారు. ఆ పక్క చెంపా భుజమూ వాచి ఉన్నాయి, ఆనించలేకపోయారు. మళ్ళీ నా వైపే తిరిగి, ఆ కన్ను మూసుకున్నారు.