సిల్వరు పడవకి రివిట్లు తేడానికి విజయనగరం ఎల్లొచ్చేను

శుక్రవారం పొద్దున్న ఐదున్నరకి స్టీలు టిఫిన్ కేరియర్ పట్టుకుని బయల్దేరేను. పై గిన్నెలో ఇడ్లీలు, కింద గిన్నెలో పడవ ఇంజను కార్బరేటరు. మా అత్త గుమ్మంలో నిలబడి, "ఆకలేస్తే పైది తిను, కిందది తినీకు" అన్నాది.

ఎందుకెల్లేనో ముందల సెప్తాను. మీ ఇంటి ఎనకాల కూడా పాత సిల్వరు పడవ పడుంటే మీకిది పనికొస్తాది. సిల్వరంటే నిజం ఎండి కాదు. పుస్తకాల్లో అల్యూమినియం అంటారు, మా కొట్లో సిల్వరు అంటాం.

నా పేరు పైడి. నన్నిచ్చిన ఊరు శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డు. అవతలొడ్డున తారు రోడ్డున్నాది. ఏరు దాటితే ఆమదాలవలస గంట. దాటకపోతే సుట్టూ తిరిగి రెండు బస్సులు, మూడు గంటలు. మా మావ అప్పన్న, అంటే మా ఆయన తండ్రి, ఎప్పుడో ఏదో ఆఫీసోళ్ళు పాత సామాను వేలంపాట పెడితే ఈ పడవని పాడుకున్నాడు. వరదలప్పుడు జనాన్ని దాటించిన పడవంట. తెచ్చిన ఏడాదికే కారడం మొదలెట్టింది. ఆరేళ్ళ నించి పశువుల సాల ఎనక బోర్లించి ఉన్నాది. దానికింద కోళ్ళు గుడ్లు పెట్టేవి.

నాది గిన్నెల కొట్టు ఇల్లు. విజయనగరంలో మా నాన్న కొత్త గిన్నెలు అమ్ముతాడు, పాత గిన్నెలకి సిల్లులు మూస్తాడు. నేను పదో తరగతి తప్పి నాలుగేళ్ళు ఆ కొట్లో కూకున్నాను. అంచేత ఆ పడవని సూడగానే నాకు పడవలా అవుపడలేదు, పెద్ద డేగిసాలా అవుపడింది. నేను బాగుచేస్తానన్నాను. ఇంట్లో అందరూ నవ్వేరు. మా ఆయన సూరిబాబైతే అన్నం ముద్ద నోట్లో ఎట్టుకుని మరీ నవ్వేడు.

రెండు నెలలు పట్టింది. సింతపండు, బూడిద ఏసి తోమేను. లోపలా బైటా, మూలమూలా, పెళ్ళి గిన్నెలు తోమినట్టు తోమేను. ఏం మెరిసిందండీ. అవతలొడ్డున గేదెలు కడిగేవాళ్ళు అదేటని కబురెట్టేరు. అయితే అతుకుల్లో నల్లగా ఏదో ఉంటే మురికనుకుని సెంచా కాడతో గీకి గీకి మొత్తం తీసేసేను. అది తారు. ఇన్నాళ్ళూ నీళ్ళని ఆపింది అదే. నాకేటి తెలుసు?

కిందటి ఆదివారం నలుగురూ సూస్తండగా ఏట్లో దింపేం. ఇంజను అందుకోక మా ఆయన గెడకర్ర ఏసేడు. మావ కొత్త సెప్పులేసుకుని దర్జాగా ముందల కూకున్నాడు. నడి ఏటికెల్లేసరికి మడమ దాకా నీళ్ళు. అవతలొడ్డు అందేసరికి ముందు సగం ములిగిపోనాది. మావ సెప్పుల్లో ఒకటి తేలుకుంటూ కళింగపట్నం దారి పట్టింది. మావ పడవని ఇసకలోకి లాగేడు, ఒంటి సెప్పుతో రెండు బస్సులెక్కి ఇంటికొచ్చేడు. మర్నాడు సరుబుజ్జిలి పాతసామాను కొనేవాడికి ఫోన్ సేసి, పై సోమవారం వచ్చి తూకానికి పట్టుకుపొమ్మన్నాడు.

నేను గోల పెడితే ఒకటే మాటన్నాడు. "కరిగిస్తే గిన్నెలవుతాది. మీ నాన్నే కొంటాడు, మీ ఇంటికే సేరుతాది."

ఆ మాట నాకు బాగా గుచ్చుకున్నాది. వారం రోజులు గెడువడిగేను. ఆదివారం పొద్దోయేవరకు సూస్తానన్నాడు. అదండీ సంగతి.

ఆటోలో చల్లవానిపేట, అక్కడ్నించి ఇంకో ఆటోలో తిలారు స్టేషన్. ఏడూ పదికి రావాల్సిన పాసింజరు ఎనిమిదింపావుకి వచ్చింది. విజయనగరానికి టిక్కెట్టు ఇరవై రూపాయలు. ఈ బండికెల్లేవాళ్ళు ఎనక పెట్టెలు ఎక్కండి, ముందు పెట్టెల్లో పలాస నించే నిండిపోతారు. నాకు ఒక మామ్మ పక్కన సోటు దొరికింది. కోటబొమ్మాళిలో ఎక్కిందంట, సీపురుపల్లిలో కూతురింటికెల్తన్నాది. ఊర్లాం దాటేక ముక్కు ఎగబీల్సి నా కేరియర్ కేసి సూసింది.

"గుంటా, నీ పులుసులో కిరసనాయిలేసినావేటే?"

మూత తీసి సూపించేను. పడవ కథంతా సెప్పేను. ఆమదాలవలసలో మొదలెడితే పొందూరులో టీ తాగి ఆపేను. టీ ఐదు రూపాయలు, బాగుంది, అల్లం ఏసేడు. మామ్మ ఆ కార్బరేటరుని అటూ ఇటూ తిప్పి, "మా అల్లుడు ఇలాంటిదే ఇప్పి మూడేళ్ళయినాది, ఇంకా మల్లీ పెట్టలేదు" అన్నాది. దిగేముందు నా సెయ్యి పట్టుకుని అరిచెయ్యి తడిమింది. రెండు నెలలు తోమిన సెయ్యి కదా, గరుగ్గా ఉన్నాది. "నువ్వు పెట్టగలవులే" అనేసి దిగిపోయింది.

పదకొండవుతుండగా విజయనగరం సేరేను. స్టేషన్ నించి గంటస్తంభానికి షేరాటో పది రూపాయలు. నాన్న కొట్టు అక్కడ్నించి నడిసెల్లొచ్చు. కార్తీకం, పెళ్ళిళ్ళ రోజులు, కొట్టు నిండా జనం. నాన్న తలెత్తి, "ఒలే పైడీ, కూకో" అనేసి మల్లీ తూకంలో పడిపోయేడు. నేను ముందు కార్బరేటరు పని సూసుకున్నాను. మా కొట్టెదురుగా మందు కొట్టే స్ప్రేయర్లు బాగుసేసే మేస్త్రీ ఉన్నాడు. సన్న తీగ పెట్టి పొడిస్తే అందులోంచి ఎండిన మట్టి రాలింది. కందిరీగ గూడు.

"ఇది ఇంజనేటమ్మా? కందిరీగ పురిటిల్లు" అన్నాడు. సాయంత్రానికి శుభ్రం సేసి నా గిన్నెలోనే ఎట్టిచ్చేడు. వంద తీసుకున్నాడు.

కొట్టు కాస్త ఖాళీ అయ్యేక నాన్నకి మొత్తం సెప్పేను. మావ సెప్పు దగ్గర నవ్వేడు. సింతపండు, బూడిద దగ్గరకొచ్చేసరికి నెత్తి మీద సెయ్యేసుకున్నాడు. "మెరుపు గిన్నెకే. పడవకెందుకే?" అన్నాడు. సిల్లులు ఎక్కడున్నాయని అడిగేడు. ఎలా తెలుస్తాది, ఏట్లో ఏస్తే కింద నించి అన్నేపులా వచ్చేస్తాయి, కనబడేలోపు ములిగిపోతాది అన్నాను. నాన్న లేసి, బాగుకొచ్చిన ఓ పాత గిన్నె తీసి నా ముందల ఎట్టేడు.

"దీనికి సిల్లెక్కడో ఎలాగ సూస్తావు? సెరువులో ముంచుతావా?"

లేదు, లోపల నీళ్ళు పోస్తాను అన్నాను. ఎనిమిదేళ్ళ వయసు నించీ రోజూ సూసిన పని. నీళ్ళు పోసి పైకెత్తితే సిల్లు దానంతటదే సెప్తాది. పడవ అంత పెద్దదయ్యేసరికి అదీ గిన్నేనని మర్చిపోయేను. మొదట డేగిసా అన్నదీ నేనేనండీ.

శనివారమంతా నాన్న నాసేత పని సేయించేడు. పనికిరాని గిన్నె ఒకటి ఇచ్చి నలభై సిల్లులు పొడిపించి, నలభైకీ రివిట్లు కొట్టమన్నాడు. సిల్వరుకి సిల్వరు రివిట్లే. తలకింద సైకిలు ట్యూబు ముక్క గుండ్రంగా కోసి ఎయ్యాలి. లోపల సుత్తి, బైట దాపు. దాపంటే రివిట్టు తలకి ఆనించి పట్టే ఇనప దిమ్మ. దాపు పట్టినోడి సెయ్యి కదిలితే రివిట్టు వదులైపోతాది. గిన్నెకైతే ఒక్కరే రెండూ సేసుకోవచ్చు, పడవకి ఇద్దరు కావాలి. మొదటి పది రివిట్లూ నాన్న ఏలితో కదిపి పీకి పడేసేడు. ఆఖరి పదీ కదపలేకపోయేడు. నన్నేటీ పొగడలేదు, తన సుత్తి తీసి నా సంచిలో ఎట్టేడు. రివిట్ల పొట్లం, ట్యూబు ముక్కలు, దాపు, రేకు కోసే కత్తెర కూడా ఏసేడు. ఆ సుత్తి నేను పుట్టకముందు నించీ ఆయన సేతిలోనే ఉన్నాది.

ఆదివారం ఆరూ ఇరవైకి పాసింజరెక్కితే ఎనిమిదవకుండా ఆమదాలవలసలో దిగేను. స్టేషన్ బైట పూరీ ముప్ఫై రూపాయలు, కూర మాత్రం ఎంతడిగితే అంతేస్తారు. సరుబుజ్జిలి బస్సు, అక్కడ్నించి ఏటి ఒడ్డుకి ఆటో. తొమ్మిదిన్నరకి ఇసకలో దిగేను. మా ఆయన మావనీ, ఇంజన్నీ ట్రాక్టరు మీద సుట్టూ తిప్పి తెచ్చి దింపేసి, పెళ్ళోళ్ళ సామాను తోలడానికి ఎల్లిపోయేడు. మావ పడవ నీడలో కూకున్నాడు. కొత్త సెప్పుల జత సంకలో ఎట్టుకున్నాడు. ఆ రోజు నించీ ఏరు కనబడితే సాలు, సెప్పులు సంకలోకెల్లిపోతన్నాయి.

పడవని తాటిదుంగల మీదకెత్తించేను. గేదెలు కడిగేవాళ్ళు నలుగురు సాయం పట్టేరు. ఆ ఎనక బిందెతో ఏటి నీళ్ళు తెచ్చి పడవలో పొయ్యడం మొదలెట్టేను. ఒక బిందె, రెండు, పది. మావ సూసి సూసి, "నీళ్ళు రాకూడదని కదే మన ఏడుపు. నువ్వే పోస్తన్నావేటి?" అన్నాడు. సాయం పట్టినోళ్ళు ఇసకలో కూలబడి నవ్వేరు. నేను మావ దగ్గరున్న తమలపాకు సున్నం డబ్బీ లాక్కుని పడవ కింద దూరేను. పైన ఎండ, కింద పొడి రేకు, దానిమీద ఒక్కొక్క సోట తడి సుక్క పుట్టి జారతన్నాది. ప్రతి సుక్క పక్కనా సున్నం బొట్టెట్టేను. పదిహేడు. ఎనక అతుకు దగ్గర జానెడు సీలిక ఒకటి.

బైటికొచ్చేసరికి నవ్వేవాళ్ళెవరూ లేరు. మావ కూడా వంగి బొట్లు లెక్కెడతన్నాడు.

నీళ్ళు తోడేసి, పడవని పక్కకి ఒరిగించి, దాపు ఎవరు పడతారని అడిగేను. అందరూ మావకేసి సూసేరు. సెప్పులు సంకలో ఎట్టుకుని దాపు పట్టడం కుదరదు కదా, తీసి ఇసకలో ఎట్టేడు. మొదటి దెబ్బకి సెయ్యి జిల్లుమన్నట్టున్నాది, దిమ్మ వదిలేసేడు. నేను ఆ రివిట్టు పీకేసేను. రెండోదీ కదిలింది, అదీ పీకేసేను. మావ గొణిగేడు గానీ మూడో దానికి భుజం ఆనించి మరీ పట్టేడు. అక్కడ్నించి ఒక్కటీ పీకలేదు.

ఒంటిగంటకి పాతసామాను కొనేవాడు వేనేసుకుని వచ్చేసేడు. ఇటేపు పనుండి ఒకరోజు ముందే వచ్చేనన్నాడు. కాటా దింపి ఇసకలో ఎట్టి, "ఏం బావా, తూకం ఏసేద్దుమా?" అన్నాడు.

మావ పడవ అటేపున్నాడు, కాళ్ళే కనబడతన్నాయి. అక్కడ్నించే, "పని జరుగుతుంటే కళ్ళు కనబడలేదేట్రా? కూకో" అన్నాడు.

నా సుత్తి ఆగిపోయింది. మావ మల్లీ, "కొట్టవేటే, సెయ్యి నొప్పెడతన్నాది" అన్నాడు. కొట్టేను.

పదిహేడూ అయ్యేయి గానీ సీలికకి రేకు ముక్క కావాలి. నేను తేలేదు. ఇదే నా తెలివి. మీరెల్తే అరగజం రేకు కూడా తెచ్చుకోండి. నేను వేన్ ఎక్కి పాతసామానాయన సంచులన్నీ ఎతికేను. ఒకదాంట్లో పెళ్ళిళ్ళలో అన్నం వండే పాత డేగిసా దొరికింది. అంచు సొట్టలు పోనాది గానీ అడుగు మాత్రం గట్టి రేకు. నాన్న కత్తెరతో కోసేను. ఆయన లబోదిబోమన్నాడు, "నేను కొనడానికొచ్చేను గానీ అమ్మడానికి కాదు" అంటాడు. సివరికి పడవ కోసం తెచ్చిన కాటాలో నా అతుకు ముక్క తూచి ఇచ్చేడు. పడవ గిన్నెలవుతాదన్నారు కదా. గిన్నే పడవయినాది.

నాలుగున్నరకి మల్లీ బిందెలతో నీళ్ళు పోసేను. ఈసారి మావే కింద దూరేడు. ఎంతసేపటికీ బైటికి రాడు. వచ్చేక అరిచెయ్యి సూపించేడు, పొడి ఇసక అంటుకుని ఉన్నాది.

కార్బరేటరు మల్లీ పెట్టి, ఇంజను బిగించి తాడు లాగేను. నాలుగు సార్లు దగ్గింది, ఐదోసారి నల్లపొగ కక్కి అందుకున్నాది. ఒడ్డున గేదెలన్నీ తలలెత్తి సూసేయి. మావ సెప్పులు ఏరి మల్లీ సంకలో ఎట్టుకుని, ముందల ఆ పాత సోటే కూకున్నాడు. తోడడానికి మగ్గు నా కాళ్ళ దగ్గర ఎట్టుకున్నాను.

మూడు రోజుల్లో రెండు రైళ్ళు, ఒక బస్సు, ఆటోలైతే లెక్కలేదు, అన్నీ ఎవరివో. ఈ ఆఖరి పావుగంట మాత్రం నా సేతుల్తో బిగించినదాని మీద ఎల్తన్నాను. విజయనగరంలో పుట్టి ఏరంటే భయపడే పిల్లని, నేను నడుపుతున్నాను. తిలారు బండిలో మామ్మ మల్లీ కలిస్తే సెప్పాలి, ఇప్పినదాన్ని మల్లీ పెట్టేసేనని.

నడి ఏటికొచ్చేం. కిందటి ఆదివారం మడమ ములిగింది ఇక్కడే. మావ ఎనక్కి తిరగలేదు. తల వంచి కాళ్ళ కింద రేకుకేసి సూస్తన్నాడు. నేను మగ్గు ముట్టుకోలేదు. ఎండ ఏటవాలుగా పడి లోపలంతా తెల్లగా మెరుస్తన్నాది, ఎక్కడా సుక్క లేదు.

మావ సంకలోంచి సెప్పులు తీసి, రెండూ పక్కపక్కన కింద ఎట్టేడు. ఎట్టి కాళ్ళు సాపుకున్నాడు.