రాజనర్సు రంగునీళ్లు

రాజనర్సుకు మనుషుల ముఖాలు గుర్తుండవు. ఎవరింటి వాడకనీళ్లు ఎటు పోతాయో మాత్రం ఎన్నేళ్లయినా మర్చిపోడు. సొంత మేనకోడలికి సంబంధం చూడబోయి, అందరూ పిల్లవాడి జీతం అడుగుతుంటే ఇతను పెరట్లోకి తొంగిచూసి, "అదంత మంచిగనే ఉన్నది బావా, మరి మీరు తానం జేసిన నీళ్లు యాడికి వోతయ్?" అన్నాడు. ఆ సంబంధం అక్కడితోనే పోయింది.

"ఈయన్ని ఇంకోసారి సంబంధానికి తోల్కపోతే నన్నడుగున్రి!" అని భార్య సుగుణ ఇప్పటికీ తిడుతుంది.

ఎనభైల చివర్లో సిద్దిపేట పక్కనున్న వాళ్ల మగ్గాలవాడకు నల్లాలొచ్చాయి. మురుగు పోయే మోరీలు మాత్రం రాలేదు. స్నానాలు చేసి, గిన్నెలు తోమే ప్రతి ఇంటి జాలారి నీళ్లూ గల్లీలోకే. అందరూ ముక్కు మూసుకుని దాటిపోయేవాళ్లే గానీ మగ్గం నేసే యాదలక్ష్మికి అది బతుకుమీదికొచ్చింది. కాళ్లు పెట్టి తొక్కే మగ్గం గుంటలో మురికినీరు ఊరసాగింది. కాళ్లకు పుండ్లు, నూలుకు చెమ్మ.

"వానలు పడే దాక సూస్త. ఆరకుంటే మగ్గం పీకి, పిల్లలను దీస్కొని భీవండి మిల్లుల పనిజేసే మా ఆయన దగ్గరికే పోత" అంది. ఆమెకు ఊరు విడవడం ఇష్టం లేదు.

ఆ నీళ్లెవరివి? "మావి గావు" అన్నారందరూ. అందరికంటే గట్టిగా అన్నది యాదలక్ష్మి పక్కింటి దుర్గవ్వ. వాడలో ఎవరింట్లో ఏం కూర వండారో ఆమెకు చెప్పకుండానే తెలుస్తుంది. "మా నీళ్లు మా గడప దాటయ్!" అంది.

మర్నాడు పొద్దున్నే రాజనర్సు, నూలుకు వేసే పచ్చరంగు కుండెడు తెచ్చి దుర్గవ్వ జాలారిలో గుమ్మరించాడు.

"ఓరి నీ! ఏం జేస్తున్నవ్‌రా?"

"నీళ్లు యాడికి వోతున్నయో సూస్తున్న అక్కా."

దుర్గవ్వ తెల్లకుక్క చల్లగా ఉందని జాలారిలో పడుకుంది, లేచేసరికి పచ్చకుక్క. పుట్టినప్పటి నుంచీ దానితో ఆడుకున్న కుక్కలే దాన్ని వాడ చివరిదాకా తరిమాయి.

తర్వాత అదే గల్లీలోని పోశయ్య ఇంట్లో ఎరుపు, కనకవ్వ ఇంట్లో పసుపు. గల్లీ హోలీ ఆడినట్టయింది. ఎర్రబడ్డ పోశయ్య ధోతి అంచు చూసి సిద్దిపేట బజారులో, "ఏం నాటకం గట్టినవే?" అని అడిగారట.

"అందరి నీళ్లు గలుస్తున్నయ్. అందరిండ్లల్ల ఇంకుడుగుంతలు దవ్వుదాం" అని తేల్చాడు రాజనర్సు. అడుగున బండరాళ్లు, వాటిమీద కంకర, పైన ఇసుక, పక్కన అరటిపిలక. తిడుతూనే అందరూ తవ్వారు. "మందికోసం దవ్వుతున్న, నాకోసం గాదు!" అంటూ దుర్గవ్వా తవ్వించింది.

గల్లీ ఆరింది. యాదలక్ష్మి మగ్గం గుంటా ఆరింది. వానలు పడ్డా మగ్గం చప్పుడు ఆగలేదు. పిలవకపోయినా దుర్గవ్వ చూడ్డానికి వెళ్లి, గుంటలోకి తలపెట్టి చూసింది. తన గోడవైపు పందికొక్కు బొక్క. దానినుంచి అడుగుదాకా ఒకటే పచ్చచార. ఎరుపు లేదు, పసుపు లేదు.

బయటికొచ్చి, నేరుగా రాజనర్సు ఇంటికి నడిచింది.

"అవి మా నీళ్లేనని మొదటి దినమే నీకెరుకైంది గదా తమ్మీ? మరి వాడంత రంగులెందుకు వోసినవ్?"

రాజనర్సు అరటిమొక్క వైపు తిరిగాడు. "ఒక్క నీ ఇంట్లనే దవ్వితే, యాదలక్ష్మికి నీకు మాటలుండునా అక్కా? నువ్వు మాటలు బందు వెడితే వాడ ముచ్చట్లు నాకు జెప్పేదెవలు?"

మరుసటేడు, తడిలేని ఆ గల్లీని చూద్దామని పక్కూరివాళ్లు వచ్చారు. రాజనర్సు నోరు తెరిచేలోపే దుర్గవ్వ అరటిగెలతో అరుగుమీద కూర్చుంది. తోకకొస ఇంకా పచ్చగానే ఉన్న కుక్క పక్కనే కూర్చుంది.

"కూసోన్రి, పండ్లు దినున్రి. గని ముందుగాల ఇది జెప్పున్రి. మీ నీళ్లు యాడికి వోతయ్?"