ఉన్నన్ని ఉన్నాయి

లెక్కకు అందనిది ఈ లోకంలో ఏదీ లేదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. పదో తరగతి తప్పి, పాత పుస్తకాలు కొనుక్కుని లెక్కలు నాకు నేనే నేర్చుకున్నవాణ్ణి కదా, ఆ మాత్రం పొగరు ఉండేది. (తప్పింది హిందీలో. ఇది చెప్పకపోతే నాకు తోచదు.) ముప్పై దాటాక విజయనగరంలో ఒక డాక్టరమ్మ గారి దగ్గర పనికి కుదిరాను. ఆవిడ పశువులకు వచ్చే వైరస్ రోగాల మీద పరిశోధన చేసేవారు. గొర్రెల మందలను తుడిచిపెట్టేసే పారుడు రోగానికి వేసే టీకా మన ఊళ్ళలో ఎంతవరకు పనిచేస్తోందో తేల్చాలన్నది ఆవిడ పట్టుదల. టీకాకు ముందు ఒకసారి, వేసిన నాలుగు వారాలకు ఒకసారి రక్తం తియ్యాలి. రెండుసార్లూ అవే గొర్రెలకు తియ్యాలి. ఏది ఏదో తెలియకపోతే పనంతా గంగలో కలిసినట్టే. ఆ గుర్తులు పెట్టే పని నాది.

చీపురుపల్లి దగ్గర ఒక ఊళ్ళో అందరూ గొర్రెల మామ్మ అని పిలిచే ముసలావిడ మంద దగ్గరికి వెళ్ళాం. వెళ్ళగానే కాగితం తీసి, "మామ్మా, మొత్తం ఎన్ని గొర్రెలు?" అన్నాను.

"ఉన్నన్ని ఉన్నాయి."

"అంటే ఎన్ని?"

"ఒరే, లెక్కెడితే తరిగిపోతాయిరా. ఇంకోపాలి అడిగావంటే కర్ర తీస్తాను సూడు."

చెవులకు నంబరు బిళ్ళలు వేస్తామంటే, "నా గొర్రెల సెవులు కుట్టడానికి నువ్వేటి, కంసాలివా?" అంది. (డాక్టరమ్మ గారు మొహం అటు తిప్పుకుని నవ్వారు.) అప్పుడు నేను నా తెలివి చూపించాను. వీపుల మీద ఎర్రరంగుతో "మందు గుర్తు" వేస్తానన్నాను. మామ్మకు చదువు రాదు, సరేనంది. మందలో కొన్నిటికి ఒకటి నుంచి ముప్పై ఆరు దాకా ముత్యాల్లాంటి అంకెలు వేశాను. వరసగా రక్తం తీసి, టీకా వేసి, ఆడదో మగదో పుస్తకంలో రాసుకున్నాను. అంచులో జరిగిందల్లా ఎక్కించాను: తొమ్మిది తన్నింది, పదిహేడు నా చొక్కా గుండీ మింగేసింది, ఇరవై మూడుకు రెండుసార్లు పొడవాల్సి వచ్చింది. "గుండీ సంగతి మన వైరస్‌కి ఎందుకయ్యా?" అన్నారు డాక్టరమ్మ గారు. (నా జేబులో కెమెరా ఉన్న ఫోను ఉంది. దాన్ని నేను కాలిక్యులేటరుగా మాత్రమే వాడేవాణ్ణి.)

నాలుగు వారాల తరవాత వెళ్తే మంద తళతళలాడుతోంది. ఒక్క అంకె లేదు!

"అది మందు గుర్తు కాదు, లెక్కని మా కోడలు సదివి సెప్పింది. ఏట్లోకి తోలి ఇసకెట్టి తోమీసినాను," అంది మామ్మ. "అబద్ధమాడి లెక్కెడతావేటి?"

ఏడాదిగా ఎవరెవరినో బతిమాలి మొదలుపెట్టిన పని. డాక్టరమ్మ గారు ఐసుపెట్టె మీద కూలబడ్డారు. రెండు నిమిషాలకే లేచి, "ఉత్త చేతులతో వెళ్ళేది లేదు. ఆలోచించు," అన్నారు. నేను మామ్మ ముందు చతికిలబడి, అబద్ధం చెప్పడం తప్పేనన్నాను. మామ్మ మూతి ముడుచుకుంది.

"పోయినేడు ఈ రోగానికే నా సుక్కదీ దాని పిల్లలూ పోయినాయి. లేపోతే మిమ్మల్ని రానిస్తానేటి?" అంటూ లేచి, కర్ర చాచింది. "ఆ రోజు ముందు ఆ బోడిదాన్ని పట్టినావు. తరవాత ఈ దొంగమూతిది..."

"ఎలా గుర్తుంది మామ్మా?"

"నువ్వు పడ్డ పాట్లు మరిసిపోతానేటి? వారం దినాలు నవ్వుకున్నాను."

నేను పుస్తకం ఆవిడకు కనపడకుండా పట్టుకుని, మనసులో లెక్కపెట్టుకుంటూ నడిచాను. (చదువు రాని మనిషి దగ్గర పుస్తకం దాచడమేమిటో!) సరిగ్గా తొమ్మిదో దాని దగ్గర, "ఇది నీ మోకాలి మీద తన్నీసింది," అంది. పదిహేడు దగ్గర, "ఇదిగో, గుండీ తిన్న రాకాసి." ఇరవై మూడు దగ్గర, "దీన్ని రెండుపాలు పొడిసినావు, పాపిష్టోడా." ముప్పై ఆరింటిలో ఆడా మగా ఒక్కటీ తప్పలేదు. డాక్టరమ్మ గారు పుస్తకం అంచు చూశారు, నన్ను చూశారు, సూది అందుకున్నారు. సాయంత్రానికి ఐసుపెట్టె నిండింది. ఆవిడ పరిశోధన నిలబడింది. "మొత్తం గొర్రెలు" అన్న గడిలో మాత్రం నేను "ఉన్నన్ని" అని రాస్తే, ఆవిడ కొట్టెయ్యలేదు.

ఇప్పటికీ నేను గీసే కాగితాల్లో నంబరు కంటే ముందు పశువు పేరుకు ఒక గడి ఉంటుంది. మొన్న మా ఆవిడ నా తల మీద మిగిలిన వెంట్రుకలను వేలితో లెక్కపెట్టబోతే చటుక్కున తల వెనక్కి లాక్కున్నాను.

"అన్నీ లెక్కెడతావు కదా, ఇవి ఎన్నో సూడొద్దేటి?" అంది.

"వద్దే," అన్నాను. "ఉన్నన్ని ఉన్నాయి."